సారెకు లెక్క లేదు, చదివింపుకు పద్దుంది

మదనపల్లె, పుంగనూరు, కుప్పం వైపు చాలా పెళ్లిళ్లలో వేదికకు కాస్త ఎడంగా ఒక బల్ల వేసి ఉంటుంది. దాని వెనక ఇద్దరు కూర్చుంటారు. ఒకరు డబ్బు తీసుకుంటారు, ఇంకొకరు నోటుబుక్కులో రాసుకుంటారు: పేరు, ఊరు, ఇంత అని. పల్లెల్లో అయితే ఆ వివరాలు మైకులో కూడా వినిపిస్తాయి. ఆ పుస్తకం పెళ్లయ్యాక బీరువాలోకి వెళ్లి ఏళ్ల తరబడి భద్రంగా ఉంటుంది. ఎవరింటి నుంచైనా శుభలేఖ వస్తే మళ్లీ బయటికొస్తుంది. "వాళ్లు మన పాప పెళ్లికి ఎంత సదివించినారో చూడు" అన్న మాట వినిపించని ఇల్లు ఈ ప్రాంతంలో తక్కువ. సరిహద్దు దాటి తమిళంలోకి వెళితే ఈ చదివింపునే మొయ్ అంటారు, కన్నడంలో ముయ్యి అంటారు. మూడు భాషలు కలిసే కుప్పంలో ఏ పేరుతో పిలిచినా పద్దు మాత్రం ఒకటే.

అదే పెళ్లిలో ఇంకో రకం ఇవ్వడం కూడా జరుగుతుంది. మేనమామ చీర తెస్తాడు. పుట్టింటి నుంచి పసుపు కుంకుమలు, పట్టుచీర, పిండివంటలు సారెగా వస్తాయి. ఇవేవీ ఆ నోటుబుక్కులోకి ఎక్కవు. ఫలానా అన్న ఫలానా చెల్లెలికి ఇంత బాకీ అని ఎవరూ రాసుకోరు.

ఒకే పందిరి కింద ఒక ఇవ్వడానికి లెక్క ఎందుకుంది, ఇంకో ఇవ్వడానికి ఎందుకు లేదు? అసలు తన కష్టార్జితాన్ని మరొకరి చేతిలో పెట్టే గుణం ప్రకృతి ఎంపికలో ఎలా నిలిచింది? ఉన్నది దాచుకున్న జీవి బతికి పిల్లల్ని కంటుంది, పంచిపెట్టింది వెనకబడుతుంది అనుకుంటే దాతృత్వం ఏనాడో అంతరించాలి. అంతరించలేదు. దానికి జీవశాస్త్రం ఒకటి కాదు, కనీసం నాలుగు కారణాలు చెబుతుంది. నాలుగూ మన పెళ్లిపందిట్లోనే కనిపిస్తాయి.

రక్తసంబంధం లెక్క

మొదటి కారణానికి తెలుగునేలతో కాస్త చుట్టరికం ఉంది. బ్రిటిష్ జన్యుశాస్త్రవేత్త జె.బి.ఎస్. హాల్డేన్ ఇద్దరు అన్నదమ్ముల కోసమో, ఎనిమిది మంది పెత్తండ్రి పిల్లల కోసమో అయితే నదిలో దూకడానికి సిద్ధమని సరదాగా అనేవారని చెబుతారు. సరదా వెనక గణితం ఉంది. తోబుట్టువులతో మన జన్యువులు సగటున సగం కలుస్తాయి. మేనమామకూ మేనకోడలికీ మధ్య నాలుగో వంతు, తోబుట్టువుల పిల్లల మధ్య ఎనిమిదో వంతు. హాల్డేన్ 1957లో భారతదేశానికి వచ్చేశారు. 1964లో భువనేశ్వర్‌లో చనిపోయే దాకా ఇక్కడే పనిచేశారు. పిఠాపురంలో పుట్టిన ద్రోణంరాజు కృష్ణారావు ఆయన శిష్యుడు. మీరాఖాన్ అనే మరో పరిశోధకుడితో కలిసి కృష్ణారావు 1960ల తొలినాళ్లలో ఆంధ్రప్రదేశ్‌లోని మేనరికాల మీద పరిశోధన పత్రాలు ప్రచురించారు.

హాల్డేన్ కన్నుమూసిన ఏడాదే, 1964లో, డబ్ల్యూ.డి. హామిల్టన్ అనే యువకుడు ఆ ఆలోచనకు సూత్రరూపం ఇచ్చాడు. ఇచ్చేవారికి అయ్యే ఖర్చు కంటే, పుచ్చుకునేవారికి కలిగే మేలును చుట్టరికపు పాలుతో గుణిస్తే వచ్చేది ఎక్కువైతే, ఇచ్చే గుణం తరతరాలకు నిలుస్తుంది. అన్న చెల్లెలికి ఇచ్చేదానిలో చుట్టరికపు పాలు సగం. కాబట్టి అన్నకు అయిన ఖర్చుకు రెట్టింపు మించి చెల్లెలికి మేలు జరగాలి.

చేతిలో ఉన్న వెయ్యి రూపాయల విలువ ఎప్పుడూ ఒకలా ఉండదు. పంట అమ్ముకుని నాలుగు డబ్బులు మిగిలిన అన్నకు ఆ వెయ్యి పెద్ద లోటు కాదు. పచ్చి బాలింతగా ఉన్న చెల్లెలికి అదే వెయ్యి పాలు, మందులు, తిండి. మన పెట్టిపోతలన్నీ ఎప్పుడు జరుగుతాయో చూడండి: సీమంతం, పురుడు, పిల్లల చెవులు కుట్టడం, ఆడపిల్ల పెద్దమనిషి కావడం, పెళ్లి, గృహప్రవేశం. చాలావరకు పుచ్చుకునేవారి అవసరం పెద్దదిగా ఉండే ఘట్టాలే. కానుకలు ఎక్కువగా పైతరం నుంచి కిందితరానికి పారడానికీ ఇదే కారణం. అవ్వ మనవరాలికి గొలుసు చేయిస్తుంది గానీ, అవ్వకు గొలుసు చేయించే మనవరాళ్లు అరుదు. ముందున్న జీవితం ఎవరికి ఎక్కువో వారికే మేలు ఎక్కువ.

దీన్ని కొలిచి చూసినవాళ్లున్నారు. గాద్ సాద్, ట్రిపాట్ గిల్ 2003లో యువతీ యువకుల కానుకల ఖర్చును పరిశీలించారు. రక్తసంబంధం దగ్గరయ్యే కొద్దీ ఖర్చు పెరిగింది. మనకు మరింత దగ్గరగా అనిపించేది 2018లో ఇజ్రాయెల్ పెళ్లిళ్లపై వచ్చిన అధ్యయనం. అక్కడా పెళ్లికానుక అంటే ఎక్కువగా నగదే, అక్కడా కుటుంబాలు ఎవరెంత ఇచ్చారో రాసుకుంటాయి. సిగల్ టిఫరెట్ బృందం అలాంటి 30 పెళ్లిళ్ల పద్దులు సేకరించింది. దగ్గరి చుట్టాలు ఎక్కువ ఇచ్చారు. అంతేకాదు, తండ్రి వైపు వారి కంటే తల్లి వైపు వారు ఎక్కువ ఇచ్చారు.

మేనమామ ఎందుకు ముందుంటాడు?

తల్లి వైపు మొగ్గు మనకు కొత్త సంగతేం కాదు. చెవులు కుట్టించేటప్పుడు బిడ్డ కూర్చునేది మేనమామ ఒడిలో. పెళ్లికూతుర్ని గంపలో కూర్చోబెట్టి పందిట్లోకి మోసుకొచ్చేది మేనమామలు. ఆస్తి తండ్రి నుంచి కొడుకుకు దిగే సమాజంలో కానుకల భారం మాత్రం తల్లి తమ్ముడి మీద ఎందుకు పడింది?

1974లో రిచర్డ్ అలెగ్జాండర్ అనే జీవశాస్త్రవేత్త ఒక వివరణ ఇచ్చాడు. తోడబుట్టిన అక్క కన్న బిడ్డ తన రక్తమే అనడంలో మేనమామకు సందేహం ఉండదు. తండ్రి వైపు లెక్కలో ప్రకృతి రీత్యా అంత నిశ్చయం లేదు. లక్షల ఏళ్లలో ఆ కొద్దిపాటి తేడా కూడా మనసు మొగ్గును మలచగలదు.

ఇదొక్కటే సరిపోదు. తెలుగునాట చిన్నాన్న కొడుకు దాయాది కూడా. అదే పొలం గట్టు, అదే బావి, అదే వాటా. ఒకే వనరు కోసం పోటీపడే చుట్టాల మధ్య హామిల్టన్ సూత్రం చతికిలబడుతుందని అత్తికాయల్లో పెరిగే ఒక రకం కందిరీగలు చూపించాయి. 2001లో స్టువార్ట్ వెస్ట్ బృందం గమనించింది ఏమిటంటే, ఒకే కాయలో పుట్టిన మగ కందిరీగలు ఆడవాటి కోసం కొట్లాడుకునేటప్పుడు ఎదుటిది తోబుట్టువా కాదా అన్నది చూడవు. దగ్గరితనం తెచ్చిన లాభాన్ని దగ్గరి పోటీ మింగేస్తుంది. మేనమామకు మేనకోడలితో గట్టు తగాదా లేదు. అందుకే అతని చేయి ధారాళంగా ఉంటుంది.

మేనమామ ముందుండడానికి ఇంకో కారణం మేనరికం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్, కర్ణాటక, తమిళనాడుల్లో దాదాపు నాలుగో వంతు పెళ్లిళ్లు చుట్టాల మధ్యే జరుగుతున్నాయి. మేనకోడలికి పెట్టిన నగ రేపు తన ఇంటికే కోడలితో పాటు తిరిగి రావచ్చు. ఇచ్చిన చేయి, పుచ్చుకునే చేయి ఒకే కుటుంబవలయంలో ఉంటాయి. అయితే పెళ్లి విషయంలో ఇదే దగ్గరితనం దాగిన జన్యులోపాలు బిడ్డలో బయటపడే ముప్పును పెంచుతుంది. సారె దగ్గర చేసే మేలు వేరు, సంబంధం దగ్గర చేసే కీడు వేరు.

పద్దు ఎందుకు పుట్టింది?

చుట్టరికం లేని స్నేహితుడికీ, ఇరుగింటికీ, అంగడి పరిచయస్తుడికీ ఎందుకిస్తాం? రెండో కారణం ఇక్కడుంది. రాబర్ట్ ట్రివర్స్ 1971లో జవాబు చెప్పాడు: ఈరోజు నేను, రేపు నువ్వు. ఇచ్చేవారికి చిన్నది, పుచ్చుకునేవారికి పెద్దది అయిన సాయం వంతులవారీగా నడిస్తే ఇద్దరూ బాగుపడతారు. మళ్లీ మళ్లీ కలిసే అవకాశం, ఎవరు ఏం చేశారో గుర్తుంచుకునే తెలివి, ఎగ్గొట్టినవాడిని దూరం పెట్టే పద్ధతి, ఈ మూడూ ఉండాలి.

కోస్టారికాలో రక్తం తాగి బతికే గబ్బిలాలు దీనికి పేరుపొందిన ఉదాహరణ. రెండు మూడు రాత్రులు ఆహారం దొరక్కపోతే అవి చచ్చిపోతాయి. కడుపు నిండినది ఆకలితో ఉన్నదానికి తాగిన రక్తాన్ని కక్కి తినిపిస్తుందని జెరాల్డ్ విల్కిన్సన్ 1984లో వెల్లడించాడు. తర్వాత 2013లో ఆయనా జెరాల్డ్ కార్టరూ కలిసి చేసిన ప్రయోగంలో, ఏ గబ్బిలం దేనికి పెడుతుందో చెప్పడానికి చుట్టరికం కంటే గతంలో అందుకున్న సాయమే మెరుగైన ఆధారమని తేలింది.

మనిషికి గబ్బిలం కంటే జ్ఞాపకం ఎక్కువే గానీ, 500 మంది వచ్చిన పెళ్లిని గుర్తుంచుకునేంత కాదు. ఆ లోటును తీర్చేదే చదివింపుల పుస్తకం. 1980 ప్రాంతంలో రాజనీతి శాస్త్రవేత్త రాబర్ట్ ఆక్సెల్‌రాడ్ కంప్యూటర్ ప్రోగ్రాముల మధ్య ఒక పోటీ పెట్టాడు. అనటోల్ రాపొపోర్ట్ పంపిన అతి చిన్న ప్రోగ్రాము గెలిచింది. మొదట సహకరించు, ఆ తర్వాత ఎదుటివాడు ఏం చేస్తే అదే చెయ్యి. మన పద్ధతీ అంతే, ఒక మెరుగుతో. వాళ్లు 500 చదివిస్తే మనం మళ్లీ సరిగ్గా 500 ఇచ్చి ఊరుకోం, కాస్త పైన వేసి ఇస్తాం. సరిగ్గా అంతే తిరిగిస్తే బాకీ తీరిపోతుంది, సంబంధమూ అక్కడితో తెగినట్టే అవుతుంది. పక్కింటి నుంచి కూర వచ్చిన గిన్నెను ఖాళీగా వెనక్కి పంపకూడదన్న పట్టింపు కూడా ఆ వంతును ఆగనివ్వకుండా చూసేదే.

ఇచ్చినదాన్ని తీసుకోవడం, తీసుకున్నదానికి తిరిగివ్వడం స్వచ్ఛందంగా కనిపించే బాధ్యతలని ఫ్రెంచి పండితుడు మార్సెల్ మాస్ 1925లోనే రాశాడు. ఆ రచనలో మహాభారతంలోని దానధర్మాల చర్చ కూడా ఉంది.

టమోటా రైతుకు స్నేహితుడెందుకు?

చదివింపు ఒక రకం పొదుపైతే, అసలైన స్నేహం బీమా. ఇదే మూడో కారణం. ఎండనేల మనుషులకు ఈ తేడా బాగా తెలుసు. మదనపల్లె టమోటా మార్కెట్ ఆసియాలోనే పెద్దవాటిలో ఒకటి. 2023 జూలై చివర్లో ఇక్కడ మేలురకం కిలో 200 రూపాయల దరిదాపుల్లో పలికింది. ధర పడిపోయిన రోజుల్లో కోత కూలి కూడా రాక పంటను పొలంలోనో రోడ్డు పక్కనో పారబోసిన రైతులూ ఇక్కడివాళ్లే. ఇంత ఒడుదుడుకుల బతుకులో ఒంటరిగా ఎంత జాగ్రత్తపడినా చాలదు. ఈ కారు నీకు కలిసిరావచ్చు, వచ్చే కారు నాకు.

అదృష్టం వల్ల వచ్చినదాన్ని పంచుకోవడానికి మనిషి మనసు సులువుగా ఒప్పుకుంటుందని జపాన్ మనస్తత్వవేత్త తత్సుయా కమెదా బృందం 2002లో చూపించింది. అంతే సొమ్మును పూర్తిగా తన శ్రమ వల్లే వచ్చిందనుకుంటే పంచడానికి వెనకాడుతుంది. మనిషి వేటాడి బతికిన కాలంలో మాంసం ఒకరోజు దొరికేది, పది రోజులు దొరికేది కాదు. పంచుకునే గుంపే నిలిచింది. మంచి ధర దక్కిన ఏడాది ఇంటిల్లిపాదికీ, స్నేహితులకూ బట్టలు పెట్టే రైతు మనసులో ఆ పాత వేటగాడు కొంత మిగిలి ఉన్నాడు.

కలహారి ఎడారిలోని జున్‌త్వాసీ జనం మధ్య పూసల దండలు, చిన్న చిన్న వస్తువులు చేతులు మారుతుంటాయి. వాటికి వెంటనే బదులు ఆశించరు. ఈ ఇచ్చిపుచ్చుకోవడం దూరప్రాంతాల్లో స్నేహాలను నిలుపుతుందని, తమ చోట తిండి కరువైతే అక్కడికి వెళ్లి తలదాచుకోవడానికి దారి వేస్తుందని పాలీ వీస్నర్ దశాబ్దాల అధ్యయనంలో తేల్చింది. మనకు అలాంటి దూరపు బంధం పెళ్లి. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ 1975 నుంచి మెట్టప్రాంతపు పల్లెల్లో కుటుంబాల ఆదాయ వ్యయాలను నమోదు చేస్తూ వచ్చింది. వాటిలో పాలమూరు ప్రాంతపు ఔరేపల్లి ఒకటి. ఆ సమాచారాన్ని విశ్లేషించిన రోజెన్‌జ్వైగ్, స్టార్క్ 1989లో ఒక ఆసక్తికరమైన సంగతి బయటపెట్టారు. దూరపు ఊళ్లతో వియ్యమందిన కుటుంబాలకు చెడ్డ ఏడాదిలోనూ తిండి ఖర్చును పెద్దగా తగ్గించుకోవలసిన అవసరం రాలేదు. తమ ఊళ్లో వాన పడకపోయినా కూతురి ఊళ్లో పడే అవకాశం ఉంది. ఆదాయం ఎక్కువ ఊగిసలాడే రైతులే దూరపు సంబంధాలు ఎక్కువగా చేసుకున్నారు. పండగకు అల్లుడికి పెట్టే బట్టలు ఆ దారిని తెరిచి ఉంచుతాయి.

తూర్పు ఆఫ్రికా మసాయి పశుపాలకుల్లో రెండు రకాల బంధాలు విడివిడిగా ఉన్నాయి. ఎసిలే అంటే తీర్చాల్సిన అప్పు. ఒసోటువా అంటే నిజంగా అవసరమైనప్పుడే అడగాలి, అవతలివాడు చేతనైనంత ఇవ్వాలి, లెక్క ఉండదు. లీ క్రాంక్, అథీనా అక్టిపిస్ బృందం ఈ రెండు పద్ధతులనూ కంప్యూటర్‌లో నడిపి చూస్తే, లెక్కలు కట్టుకున్నవారి మందల కంటే అవసరాన్ని బట్టి ఇచ్చుకున్నవారి మందలు ఎక్కువకాలం నిలిచాయి. బాకీ పుస్తకం సరిగ్గా కష్టకాలంలోనే పనికిరాదు. ఎందుకంటే అన్నీ పోగొట్టుకున్నవాడు తిరిగి ఇవ్వలేడని పుస్తకానికి తెలుసు. మొదట్లో అడిగిన ప్రశ్నకు జవాబు ఇక్కడుంది. దూరపువారితో పద్దు అవసరం, మోసం నుంచి కాపాడుతుంది. దగ్గరివారితో పద్దు ప్రమాదం, ఆపదలో చేయి ముడుచుకునేలా చేస్తుంది.

మైకులో చదివితే ఏమవుతుంది?

నాలుగో కారణం ప్రదర్శన. అమోత్స్ జహావీ 1975లో ప్రతిపాదించిన ప్రకారం నమ్మదగిన సంకేతం ఖరీదుగా ఉండాలి. లేనివాడు అనుకరించలేనంత ఖర్చే తన స్థోమతకు రుజువు. సాలీడుల్లో ఒక జాతి మగది ఆహారాన్ని పట్టుదారంతో చుట్టి ఆడదానికి కానుకగా ఇస్తుంది. కొన్ని గడుసువి తినేసిన పురుగు డొల్లనే చుట్టి ఇస్తాయి. పైన రంగుకాగితం చూసి మోసపోవడం మనకొక్కరికే కాదన్నమాట.

చదివింపు అందరి ముందు వినిపించినప్పుడు అది పెళ్లివారికి మాత్రమే చేరే మాట కాదు. ఊరంతటికీ ఒక సమాచారం. వీరు మాట నిలబెట్టుకుంటారు, వీరితో పొత్తు పెట్టుకోవచ్చు అని మూడోవాడికి తెలుస్తుంది. ఇదే పరువుగా పోగుపడుతుంది. మూడడుగులు దాటని పుంగనూరు ఆవు ఇటీవల ఇలాంటి సంకేతంగా మారింది. అంతరించే దశకు వచ్చిన ఈ జాతిని పలమనేరు పశుపరిశోధన కేంద్రం కాపాడుతూ వచ్చింది. 2024 సంక్రాంతికి ప్రధాని ఈ ఆవులకు మేత పెడుతున్న చిత్రాలు దేశమంతా తిరిగాయి. లక్షలు పోసి నగరాల ఇళ్లకు తీసుకెళ్లేవారిలో పాల కోసం కొనేవారు తక్కువ.

సంకేతాల పోటీకి గరిష్ఠ పరిమితి లేదు. పక్కింటివాడు పెంచితే నేనూ పెంచాలి. కర్ణాటక పల్లెల సమాచారంతో ఆర్థికవేత్తలు బ్లాక్, రావు, దేశాయి 2004లో పెళ్లి ఆర్భాటం వెనక ఉన్న ఈ హోదా ప్రదర్శననే విశ్లేషించారు.

వివరణ వేరు, సమర్థన వేరు

ఆకలేసినప్పుడు కెలోరీలు లెక్కపెట్టి అన్నం తినం. అలాగే చెల్లెలికి చీర కొనే అన్న హామిల్టన్ సూత్రం వేసి చూసుకోడు. ప్రేమే అతన్ని నడిపిస్తుంది. ఆ ప్రేమ మనలో ఎందుకు నిలిచిందన్నదే పరిణామశాస్త్రం చెబుతుంది. ఇవ్వడంలో ఆనందం నిజమైనదే. 2008లో ఎలిజబెత్ డన్ బృందం కొందరికి డబ్బిచ్చి ఖర్చు పెట్టించింది. తమ కోసం ఖర్చు చేసుకున్నవారి కంటే ఇతరుల కోసం ఖర్చు చేసినవారు సాయంత్రానికి ఎక్కువ సంతోషంగా ఉన్నారు.

అయితే ప్రకృతిలో వేళ్లున్నాయి కాబట్టి ప్రతి పెట్టిపోతా మంచిదే అనడం తప్పు. 1961 నాటి వరకట్న నిషేధ చట్టం అడగకుండా ఇచ్చిన కానుకను మినహాయించింది. కానీ వధూవరులకు వచ్చిన కానుకల జాబితా రాసి ఉంచాలని 1985 నాటి నిబంధనలు చెబుతున్నాయి. చదివింపులు శ్రద్ధగా రాసే ఇళ్లలోనూ ఆ జాబితా రాసేవారు అరుదు. ఆడబిడ్డ ఆస్తిహక్కు కూడా అంతే. 1985 సెప్టెంబరు 5 నుంచి వర్తించేలా ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఉమ్మడి ఆస్తిలో కూతురికి సమాన హక్కు ఇచ్చింది. 2005లో దేశమంతా ఆ బాట పట్టింది. అయినా ఏటా సారె పెడుతున్నాం కదా అన్న మాటతో పొలంలో వాటా మరిపించే ఇళ్లున్నాయి. వాటా అడిగిన ఏడాది నుంచి సారె ఆగిపోయిన ఇళ్లూ ఉన్నాయి. కందిరీగల పాఠం ఇక్కడా పనిచేస్తోంది.

ఈ శాస్త్రం నుంచి ఇంటికి పట్టుకెళ్లదగిన మాట ఇది. చదివింపును స్థోమతకు తగ్గట్టు ఉంచండి, అప్పు చేసి మైకులో చదివించకండి. ఆడబిడ్డకు సారె పెట్టండి, దానితో పాటు చట్టం ఇచ్చిన వాటా కూడా ఇవ్వండి. ఒకటి ప్రేమ, ఇంకొకటి హక్కు. ఒకదాని పేరు చెప్పి ఇంకొకటి ఎగ్గొట్టడానికి ఏ పరిణామ సూత్రమూ సాకు కాదు.